నాగమణి మందుల చీటీ

తెల్ల బట్టలు, చేతిలో దీపం, సేవ, త్యాగం. ఇవన్నీ మీకు నర్సింగ్ కాలేజీలో చెప్పే ఉంటారు కాబట్టి నేను వాటి జోలికి పోను. నా పేరు సలోమి. తిరువూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చిన్న వయసులో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే హెడ్ నర్సుగా దిగిపోయాను. ఆస్పత్రి పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు. ఏ ఊళ్ళో ఏ బోర్డు కింద నిలబడి చూసినా మీకు కనపడేది దాదాపు ఇదే.

మా తమ్ముడి కూతురు దివ్య ఈమధ్యే నర్సుగా చేరింది. మొన్నొకరోజు వచ్చి, "అత్తా, మా ఆస్పత్రిలో యాంటీబయాటిక్ మందుల మీద మీటింగ్ పెడుతున్నారు. నర్సుల పాత్ర గురించి నన్ను మాట్లాడమన్నారు. నాలుగు పాయింట్లు చెప్పవా" అంది. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. పాత్రట! నాటకంలో అయినా పాత్రకి మాట్లాడటానికి రెండు ముక్కలిస్తారు. మాకు అదీ ఇవ్వలేదు. "పాయింట్లు లేవే, ఒక మనిషుంది. ఆ మనిషి సంగతి చెప్తాను, విను" అన్నాను. విన్నది. కళ్ళు తుడుచుకుంది కూడా. కానీ మీటింగులో మాత్రం కంప్యూటర్లోంచి తీసుకున్న నాలుగు పాయింట్లే చదివి వచ్చిందని తరవాత తెలిసింది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

సీసా వేలాడాలి

మనవైపు మనిషి ఆస్పత్రిలో చేరాడంటే పలకరించడానికి ఊరు సగం దిగుతుంది. గంపలగూడెం నుంచీ, విస్సన్నపేట నుంచీ షేరు ఆటోల్లో వస్తారు. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు. వచ్చినవాళ్ళు ముందు చూసేది రోగి మొహం కాదు, మంచం పక్కనున్న ఇనప స్టాండు. దానికి సెలైన్ సీసా వేలాడుతుంటే వైద్యం జరుగుతున్నట్టు లెక్క. లేకపోతే, "ఏంటి, ఊరికే పడుకోబెట్టారా? సూదులైనా వేస్తున్నారా?" అని మొదలెడతారు. ఆ మాటతో రోగి భార్యకి తలకొట్టేసినట్టవుతుంది. మొగుణ్ణి సరిగ్గా చూసుకోవట్లేదన్న పేరు వస్తుందని భయం. ఇక ఆవిడ వచ్చి మా ప్రాణం తీస్తుంది.

జలుబు జ్వరంతో వచ్చినవాడికి యాంటీబయాటిక్ ఇవ్వడం దండగ. ఆ జ్వరాన్ని తెచ్చిన వైరస్ దానికి చావదు. ఒంట్లో ఉన్న మిగతా క్రిములు మాత్రం ఆ మందుని చూసి, అలవాటుపడి, రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు లొంగకుండా తయారవుతాయి. మొదటి సంవత్సరం నర్సింగ్ పిల్లకి కూడా తెలిసిన సంగతే ఇది. మా ఆస్పత్రి యజమాని, మేమందరం పెద్దసార్ అనేవాళ్ళం, ఆయనకి ఇంకా బాగా తెలుసు. మంచి డాక్టరు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, స్కానింగ్ చెప్పేది ఆయన ముందే చెప్పేవాడు. తెలియక చేస్తే క్షమించొచ్చు. ఆయన తెలిసి చేశాడు.

ఒకసారి అలాంటి జ్వరం కేసుకి పొద్దున, సాయంత్రం ఖరీదైన ఇంజక్షన్ రాసి ఇస్తే నేను కేసు షీటు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"సార్, రక్తపరీక్ష మామూలుగానే ఉందండి. ఈ ఇంజక్షన్ కావాలంటారా?"

ఆయన కోప్పడలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు.

"అక్కర్లేదు సలోమీ. నాకూ తెలుసు. ఇవ్వకపోతే ఏమవుతుంది? సాయంత్రానికి వాళ్ళ బావమరిది వచ్చి ఇంకో ఆస్పత్రికి తీసుకుపోతాడు. అక్కడ ఇంతకంటే పెద్దది వేస్తారు. నువ్వు ఆపగలవా?"

"ఆపలేను సార్. చెప్పి చూస్తానండి."

"నువ్వు చెప్తే వింటారా? నర్సువి నువ్వు."

ఆ చివరి మాట తిట్టుగా అనలేదు. ఎండగా ఉంది, వానొస్తుంది అన్నట్టు అన్నాడు. నేను వెళ్ళి ఇంజక్షన్ ఇచ్చాను. ఆయన్ని చెడ్డవాడంటే నా నోటికి రాదు, మా అమ్మ ఆపరేషన్ ఆయన చేతుల మీదే జరిగింది. కానీ మంచివాడని మాత్రం ఎవరూ నాచేత అనిపించలేరు.

మిషను పక్కన మేకు

నాగమణి మా వీధికి రెండు సందుల అవతల ఉండేది. జాకెట్లు కుట్టేది. మెడ దగ్గరా భుజం దగ్గరా కుట్టు సన్నగా, లోపల వేసిందో పైన వేసిందో తెలియనట్టు వేసేది. నా జాకెట్లన్నీ తనే కుట్టింది. భర్త కోటేశ్వరరావు తిరువూరు విస్సన్నపేట మధ్య షేరు ఆటో తోలేవాడు. ఇంటి వెనక పాక, అందులో రెండు గేదెలు. నాగమణికి చిన్న వయసులోనే షుగరొచ్చింది. షుగరున్న ఆడవాళ్ళకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తొందరగా వస్తుంది, తొందరగా పోదు.

మొదటిసారి అలాగే జ్వరం, మూత్రంలో మంటతో మా ఆస్పత్రిలో చేరింది. ఆరోజు నా అదృష్టం బాగుంది. పెద్దసార్ ఊళ్ళో లేడు, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నా మాట విన్నాడు. మందు మొదలుపెట్టకముందే మూత్రం నమూనా తీసి విజయవాడ లాబ్‌కి పంపించాం. ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకి చస్తుంది అని వాళ్ళు పెంచి చూసి చెప్తారు. దాన్ని కల్చర్ అంటాం. రిపోర్టు వచ్చింది, దానికి తగ్గ మందు ఇచ్చాం, నేను వేళ తప్పకుండా ఇంజక్షన్లు చేశాను, జ్వరం దిగగానే మాత్రలకి మార్పించాను. మన పుస్తకాల్లో ఎలా ఉంటుందో అచ్చం అలా జరిగిన కేసు అది. నా సర్వీసులో అలాంటివి చాలా తక్కువ.

ఇంటికి పంపేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "చూడమ్మాయ్, ఈ మాత్రలు రాసినన్ని రోజులూ వేసుకో. మధ్యలో తగ్గిందని ఆపకు. అయిపోయాక ఈ చీటీతో పనిలేదు. మళ్ళీ మంట వస్తే మళ్ళీ రా, మళ్ళీ పరీక్ష చేయిస్తాం."

"అలాగేనండి సిస్టరుగారూ" అంది. ఆ మాత్రలన్నీ వేసుకుంది కూడా. పూర్తిగా తగ్గింది.

తరవాత కొన్ని నెలలకి పండక్కి జాకెట్టు గుడ్డలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. కుట్టు మిషను పక్కన గోడకి మేకు, ఆ మేకుకి ప్లాస్టిక్ కాగితంలో అతికించిన చీటీ ఒకటి వేలాడుతోంది. పైన చిల్లు పొడిచి దారం కట్టారు. దగ్గరికి వెళ్ళి చూస్తే మా ఆస్పత్రిలో ఇచ్చిన మందుల చీటీ.

"ఇదేంటే?" అన్నాను.

"నలిగి చిరిగిపోతోందని మా ఆయన లామినేషన్ చేయించారండి. రేషన్ కార్డుతో పాటే చేయించుకొచ్చారు" అంది సంబరంగా. "భలే మందులండి సిస్టరుగారూ. ఎప్పుడైనా మంటగా అనిపిస్తే రెండు మాత్రలు తెప్పించుకుంటాను. సాయంత్రానికల్లా హాయి. మా ఎదురింటి వాళ్ళకి కూడా ఇదే చీటీ. అటు చివరింట్లో వాళ్ళయితే ఫోన్లో ఫోటో తీసుకున్నారు. అందరూ నాగమణి చీటీ అంటున్నారండి."

ఎంత గర్వంగా చెప్పిందో! ఒక వీధికి ఉపకారం చేస్తున్న మనిషి మొహం అది.

డాక్టరు సంతకం అంటే మనవాళ్ళకి పట్టాదారు పాసుపుస్తకం మీద సంతకం లాంటిది. ఒకసారి పడిందంటే తరతరాలకీ చెల్లుతుందనుకుంటారు. ఆ చీటీ ఒక మనిషికి, ఒక జబ్బుకి, ఒక వారానికి రాసిందని ఎవరూ అనుకోరు. పోయిన చీటీ కోసం ఏడ్చినవాళ్ళని చూశాను నేను. చీటీ ఉంటే మళ్ళీ ఆస్పత్రికి రానక్కర్లేదు, ఓ పూట పని మానుకుని వరసలో కూర్చోనక్కర్లేదు. అందులో వాళ్ళ తప్పెంతో మన తప్పెంతో మీరే ఆలోచించండి.

"ఇటివ్వు, నేను తీసుకుపోతాను" అన్నాను.

నాగమణి నవ్వింది. చీటీకి అడ్డంగా నిలబడి మరీ నవ్వింది. "అమ్మో, ఇవ్వనండి. కావాలంటే మీరూ ఫోటో తీసుకోండి."

అప్పుడే కోటేశ్వరరావు పాకలోంచి వచ్చాడు. చేతిలో పాల బకెట్టు. ఆ పాలు తీసుకెళ్ళి వాకిట్లో కాలవలో పారబోశాడు.

"అదేంటి బాబూ, పాలు పారబోస్తున్నావు?"

"గేదెకి పొదుగు వాచిందండి. డాక్టరొచ్చి సూదేశాడు. సూదేసినాక కొన్నాళ్ళు పాలు కేంద్రానికి పొయ్యకూడదండి. పోస్తే వాళ్ళు పట్టేస్తారు. మందు పాలల్లోకి దిగుద్దంట."

నాకు ఆశ పుట్టింది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఎవరిస్తారు? అక్కడే వాకిట్లో నిలబడి చెప్పాను. గేదెకి ఏ మందు ఎన్నాళ్ళు వెయ్యాలో డాక్టర్నడిగి వేయించావు, పాలు తీసి పారబోస్తున్నావు, మరి నీ భార్యకి అదే జాతి మందు ఎవర్నీ అడక్కుండా రెండేసి మాత్రలు ఎలా మింగిస్తున్నావు, అలా కొంచెం కొంచెం వేస్తే క్రిమి చావదు, రాటుదేలుతుంది, రేపు పెద్ద జబ్బు చేసినప్పుడు ఏ మందూ పనిచెయ్యదు అని. తల ఊపుతూ విన్నాడు. చివరికి నవ్వాడు.

"గేదె వేరు, మనిషి వేరు కదండీ సిస్టరుగారూ."

వేరే. గేదెకి పాలకేంద్రం ఉంది. అక్కడ పరీక్ష చేసే మనిషున్నాడు, పట్టుకుంటాడన్న భయముంది. నాగమణికి ఎవరున్నారు? మెడికల్ షాపువాడు చీటీ మీద తేదీ కూడా చూడకుండా మాత్రలు కత్తిరించి ఇస్తాడు. ఆస్పత్రిలో ఉన్న నేను నర్సుని.

మర్నాడే పెద్దసార్‌కి చెప్పాను. చీటీ మీద 'ఈ ఒక్కసారికే' అని పెద్ద అక్షరాలతో ముద్ర వేయిద్దామని, ఇంటికి పంపేముందు ఒక్కో రోగితో నర్సు కాసేపు కూర్చుని మందుల గురించి చెప్పేలా ఏర్పాటు చేద్దామని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాసేపు కూర్చుంటే ఆ కాసేపట్లో వార్డులో ఎవరు చూస్తారు సలోమీ? ముద్రకేముంది, వేయించు."

ముద్ర తయారు చేయించాను. పది రోజులు వేశారు. ఇంకు ఎండిపోయింది, ఎవరూ పొయ్యలేదు. రోజూ నేనే ఇంకు పోసి నేనే ముద్ర వేస్తూ కూర్చుంటే ముగ్గురు మనుషుల పని ఇద్దరం చేసే వార్డు ఏం కావాలి? ఈ ఉద్యోగంలో ఓడిపోవడం పెద్ద గొడవలతో జరగదు, ఇలా జరుగుతుంది. మీకు ముందే తెలిస్తే మంచిదని చెప్తున్నాను.

రిపోర్టు నిండా ఒకటే అక్షరం

మామిడికాయల రోజులు. మిట్టమధ్యాహ్నం కోటేశ్వరరావు ఆటో సరాసరి మా ఆస్పత్రి మెట్ల దాకా వచ్చి ఆగింది. వెనకసీట్లో నాగమణి, పక్కన ఎవరో పాసింజరు సంచి. దింపడం మర్చిపోయి తెచ్చేశాడు. నాగమణి ఒళ్ళు పెనంలా ఉంది, పళ్ళు కొట్టుకుంటున్నాయి, నడుం పక్కన చెయ్యి వెయ్యనివ్వట్లేదు. బీపీ చూస్తే అందీ అందకుండా ఉంది. మంటకి రెండేసి మాత్రలు వేస్తూ వేస్తూ ఉంటే, ఈసారి అవి పనిచెయ్యలేదు. ఇంకో రెండు, ఇంకో రెండు అని చూశారు. ఈలోపు ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకి, అక్కణ్ణుంచి రక్తంలో కలిసింది.

పెద్దసార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. నాడి పట్టుకుని ఒక్క మాటే అన్నాడు. "సలోమీ, ముందు కల్చర్‌కి రక్తం తియ్యి. వెంటనే ఇంజక్షన్ ఎక్కించు."

ఇన్నేళ్ళూ నేను అడిగిన మాట. అది ఆయన నోటితో వినడానికి నాగమణి ఇలా రావాల్సొచ్చింది. రక్తం తీశాను. క్షణం ఆలస్యం చెయ్యకుండా మందు ఎక్కించాను. నాగమణి నా చెయ్యి పట్టుకుంది.

"చీటీ తెచ్చానండి" అంది. కొంగు చివర దారంతో కట్టుకున్నది చూపించింది. నిజంగానే తెచ్చింది. ఆ చీటీ చూపిస్తే మేం త్వరగా వైద్యం చేస్తామనుకుంది పాపం. అది నా గుండెల్లో ఇప్పటికీ గుచ్చుకునే ఉంది.

సాయంత్రానికి విజయవాడ పంపించాం. పెద్దసార్ అంబులెన్సులో తనే ఎక్కాడు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. అక్కడ పెద్ద ఆస్పత్రిలో మిషన్ల మీద పెట్టారు. మేం పంపిన రక్తం రిపోర్టు తరవాత మాకొచ్చింది. మందుల పేర్లు వరసగా ఉంటాయి, ఎదురుగా ఒక్కో అక్షరం ఉంటుంది. క్రిమి ఆ మందుకి చస్తే ఎస్, చావకపోతే ఆర్. పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాను. ఆర్, ఆర్, ఆర్. ఆ చీటీలో ఉన్న మందు దగ్గరా ఆర్. నేను వేళ తప్పకుండా వేసి, తగ్గించి ఇంటికి పంపిన ఆ మందు దగ్గర. చివర్లో ఎక్కడో రెండు ఎస్‌లు ఉన్నాయి. అవి మొదలుపెట్టేసరికి కిడ్నీలు ఆగిపోయాయి.

నాగమణి తిరిగి రాలేదు. ఇద్దరు పిల్లలు, పెద్దది హైస్కూల్లో ఉంది.

పెద్దకర్మ అయ్యాక కోటేశ్వరరావు మా ఇంటికి వచ్చాడు. నేను ఇచ్చిన జాకెట్టు గుడ్డలు, కత్తిరించి కుట్టకుండా ఉన్నవి, కవర్లో పెట్టి తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే అన్నాడు.

"మీరు చెప్పారండి. గేదెనైనా సరిగ్గా చూసుకున్నాను గానీ..."

నేను కవరు మాత్రం అందుకున్నాను. అతన్ని తిట్టాలని అంతకుముందు వారం రోజులూ మనసులో మాటలు కూర్చుకున్నదాన్ని. అతనా తిట్టించుకోవాల్సిన మనిషి? తెలిసిన డాక్టరు ఊరుకున్నాడు, తెలిసిన షాపువాడు అమ్మాడు, తెలియనివాడు భార్యని పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు చేరేవాళ్ళకి

దివ్యా, నీకూ నీ తోటివాళ్ళకీ ఒకటి చెప్తాను. నర్సు మందు రాయదు, అది డాక్టరు పని. కానీ రాసిన మందు మనిషి ఒంట్లోకి వెళ్ళేది మన చేతి మీదుగానే. అందుకని అడగండి. ఏ జబ్బుకి రాశారు, పరీక్షకి నమూనా తీశామా, ఎప్పుడు ఆపాలి, ఇంజక్షన్ ఆపి మాత్రకి మార్చొచ్చా. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కోండి, సబ్బు లేకపోతే గొడవ చేసి తెప్పించుకోండి. ఒక రోగి క్రిమిని ఇంకో రోగికి అంటించేది చాలాసార్లు మన చేతులే. ఇంటికి వెళ్ళేవాళ్ళతో చీటీ చేతిలో పెట్టి ఊరుకోవద్దు. ఆ చీటీ ఎన్నాళ్ళకి చచ్చిపోతుందో చెప్పండి. ఆ ముక్క వాళ్ళచేత తిరిగి చెప్పించుకోండి.

ఇవన్నీ చేస్తే లోకం మారుతుందని నేననను. నేను చేశాను, మారలేదు. మొన్న జరిగింది కూడా చెప్పి ముగిస్తాను.

బీపీ మాత్రల కోసం మెడికల్ షాపుకి వెళ్ళాను. నా ముందు ఒకామె. నాగమణి వాళ్ళ వీధిలో చివరింటి ఆవిడ. ఫోను తీసి కౌంటరు మీద పెట్టి, "నాగమణి చీటీ మందులివ్వండి" అంది. షాపతను ఫోను వంక చూడను కూడా చూడలేదు, అలవాటే కాబట్టి. చెయ్యి అరలోకి వెళ్ళిపోయింది.

"ఎవరికమ్మా?" అన్నాను.

"మా పాపకండి సిస్టరుగారూ. నిన్నట్నుంచి ఒళ్ళు కాలిపోతోంది."

"పాపకా! అది పెద్దవాళ్ళ మందమ్మా. పాపకి ఏ జ్వరమో చూడకుండా వెయ్యకూడదు. పద, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

"సగం చేసి వేస్తానండి."

"అమ్మాయ్, నాగమణి పోయింది కదా. ఆ మందులు అలా వాడే పోయింది."

"అయ్యో, తనకి కిడ్నీలు పోయాయంట కదండీ. చీటీ మంచిదేనండి. మొదట దానికి తగ్గింది కదా."

షాపతను కత్తెరతో మాత్రలు కత్తిరించి కవర్లో వేశాడు. నేను కౌంటరు మీద ఆ కవరుకి అడ్డంగా చెయ్యి పెట్టాను. ఆవిడ నా చెయ్యి మెల్లగా పక్కకి తీసింది. కోపం లేదు, పెద్దదాన్నని మర్యాదగానే తీసింది.

"మీరు రిటైరైపోయారు కదండీ, ఇంకా మీకెందుకండీ ఈ తిప్పలు" అంది.

కవరు తీసుకుని ఎండలో గబగబా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనకనుంచి చూస్తే ఆవిడ వేసుకున్నది నాగమణి కుట్టిన జాకెట్టు. భుజం మీద ఆ సన్న కుట్టు నాకు ఎక్కడున్నా తెలుస్తుంది.